జాతి వివక్ష నిరసనలు: మీడియా మంటలే చూపిస్తుందా, మంటల్ని దాస్తుందా?

రమణ_బ్లూమింగ్టన్

ఒక ప్రశ్న సూటిగా అడుగుతున్నాను. 2020 మే 25న మిన్నియాపొలిస్‌లో డెరెక్ షావిన్ అనే పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మెడ మీద తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు పెట్టి చంపాడు. ఆ తర్వాత దేశమంతా జనం రోడ్డెక్కారు. ఇన్నేళ్ళయ్యాక మనవాళ్ళలో ఎవరిని కదిపినా ఆ నిరసనల గురించి గుర్తున్నది తగలబడిన పోలీస్ స్టేషన్, పగిలిన అద్దాలు, టీవీలు భుజాన వేసుకుని పరిగెత్తేవాళ్ళు. నేనుండేది ఆ ఊరి పక్కనే. ఆ వారం నేను కళ్ళారా చూసింది ఎక్కువగా వేరు. గంటల తరబడి నడిచారు, రోడ్డు మీద మౌనంగా కూర్చున్నారు, పొద్దున్నే చీపుర్లూ చెత్త సంచులూ పట్టుకుని లేక్ స్ట్రీట్ శుభ్రం చేయడానికి గుంపులు గుంపులుగా వచ్చారు. ఇదంతా టీవీలో ఎంతసేపు వచ్చింది? గొడవలు, నిరసనల వివరాలు సేకరించే ఆక్లెడ్ అనే సంస్థ లెక్క తీసింది. మే చివరి నుంచి ఆగస్టు దాకా 7,750కి పైగా ప్రదర్శనలు జరిగితే వాటిలో దాదాపు 93 శాతం శాంతియుతంగానే జరిగాయి. మిగతా 7 శాతమే జనం బుర్రల్లో ఎలా నిలిచిపోయింది? ఇది మీడియా చేసిన పనే అని నేనంటాను. కాదంటే చెప్పండి.

గోదారి_శేఖర్

రమణ గారూ, నేను సరిగ్గా దీనికి వ్యతిరేకం చెబుతాను. మీడియా మంటల్ని దాచిపెట్టింది. 2020 ఆగస్టులో విస్కాన్సిన్‌లోని కెనోషాలో జేకబ్ బ్లేక్ అనే నల్లజాతి అతని మీద పోలీసు కాల్పులు జరిపాక సీఎన్ఎన్ విలేకరి వెనకాల అంతెత్తున మంటలు లేస్తుంటే కింద అక్షరాల్లో ఏం వేశారు? మంటలున్నా నిరసనలు చాలావరకు శాంతియుతమే అని వేశారు. కళ్ళెదురుగా మండుతున్నది కనిపిస్తూ ఉంటే "చాలావరకు" ఏంటండీ? చూసేవాడికి కళ్ళు లేవనా?

నా బాధ వేరే ఉంది. మా చిన్నక్క వాళ్ళాయనది ఒక పెద్ద ఊళ్ళో కన్వీనియెన్స్ స్టోర్. ఊరి పేరు రాయను, బావకి ఇష్టం ఉండదు. మే నెలాఖరులో ఒక రాత్రి షట్టర్ విరిచేసి సిగరెట్లు, బీర్లు, క్యాష్ రిజిస్టర్, లాటరీ టికెట్లు అన్నీ ఎత్తుకుపోయారు. పోతూ పోతూ ఫ్రిజ్‌లు పడేసి పోయారు. ఇన్సూరెన్స్ వాడు సగం కూడా ఇవ్వలేదు. ఆ వీధిలోకి ఒక్క కెమెరా రాలేదు. దేశం మొత్తం మీద ఇన్సూరెన్స్ కంపెనీలు కట్టాల్సి వచ్చింది వంద కోట్ల నుంచి రెండొందల కోట్ల డాలర్లని అంచనా వేశారు, అమెరికా చరిత్రలో ఏ అల్లర్లకీ అంత కట్టలేదు. మీ 93 శాతం నాకొద్దు. మా బావ ఆ 7 శాతంలో ఉన్నాడు.

చిన్నా_డాలస్

ఇద్దరూ వేరే వేరే చానెళ్ళు చూశారు. అంతే తేడా.

రమణ_బ్లూమింగ్టన్

శేఖర్ గారూ, మీ బావగారికి జరిగింది అన్యాయం. అందులో రెండో మాట లేదు. కానీ మీరు ఒక రాత్రి ఒక చానెల్ వేసిన ఒక్క లైన్ పట్టుకుని మొత్తం మీడియా మంటలు దాచిందంటున్నారు. ఆ లైన్ పైన కనిపించింది ఏంటి మరి? మంటలే కదా! దాచాలనుకున్నవాడు విలేకరిని మంటల ముందు నిలబెడతాడా?

ఇంకో సంగతి. ఆ రాత్రి కెనోషాలో నిలబడిన విలేకరి ఒమర్ హిమెనెజ్, నల్లజాతివాడు. మూడు నెలల ముందు, మే 29న, ఇదే మనిషిని మిన్నియాపొలిస్‌లో లైవ్‌లో మాట్లాడుతుండగానే స్టేట్ పోలీసులు సంకెళ్ళు వేసి తీసుకెళ్ళారు. "ఎక్కడికి జరగమంటే అక్కడికి జరుగుతాం" అని మర్యాదగా చెబుతూనే ఉన్నాడు. అక్కడికి దగ్గర్లోనే అదే చానెల్‌కి చెందిన శ్వేతజాతి విలేకరి ఉన్నాడు, అతన్నెవరూ ముట్టుకోలేదు. గవర్నర్ టిమ్ వాల్జ్ తర్వాత క్షమాపణ చెప్పాడు. దీని గురించి మీరెప్పుడూ మాట్లాడరు, కెనోషా స్క్రోలింగ్ గురించే మాట్లాడతారు.

అటువైపు ఏం జరిగిందో కూడా చూడండి. 2020 జూన్‌లో సియాటిల్‌లో నిరసనకారులు కొన్ని వీధులు ఆక్రమించుకుని కూర్చుంటే ఫాక్స్ న్యూస్ వెబ్‌సైట్ తుపాకీ పట్టుకున్న మనిషిని ఒక ఫొటోలోంచి తీసి ఇంకో ఫొటోలో అతికించింది. సియాటిల్ వార్తకి పెట్టిన మండుతున్న వీధి అసలు సియాటిల్‌ది కానే కాదు, మా పక్కనున్న సెయింట్ పాల్‌ది. సియాటిల్ టైమ్స్ అడిగాక తీసేశారు. ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ అయితే "భవనాలకూ విలువుంది" అని, నల్లవాళ్ళ ప్రాణాలకు విలువుందన్న నినాదాన్ని తిరగేసి హెడ్డింగ్ పెట్టింది. అక్కడి నల్లజాతి, ఇతర జాతుల జర్నలిస్టులు పనికి రాకుండా నిరసన తెలిపారు, చివరికి ఎడిటర్ రాజీనామా చేశాడు. మనిషి ప్రాణాన్నీ గోడనీ ఒకే తూకంలో పెట్టినవాళ్ళు మంటలు దాచారంటారా?

గోదారి_శేఖర్

ఆ గోడ మా బావదైతే మీరిలా మాట్లాడరు.

పైగా నా ప్రశ్నకి జవాబు రాలేదు. "చాలావరకు" అని ఎందుకు వేశారు?

పాలమూరు_విజయ

నేను హైదరాబాద్‌లో ఒక పేపర్‌లో అంతర్జాతీయ వార్తల డెస్క్‌లో పనిచేశాను. ఆ వారం కూడా డ్యూటీలోనే ఉన్నాను. మీరిద్దరూ ఎవరో కావాలని చేసినట్టు మాట్లాడుతున్నారు. ఎవరి మనసులో ఏముందో నాకు తెలియదు గానీ పని ఎలా జరుగుతుందో చెబుతాను.

ముందు టైం సంగతి. మిన్నియాపొలిస్‌లో మధ్యాహ్నం రెండింటికి ఊరేగింపు మొదలైతే మనకి అర్ధరాత్రి పన్నెండున్నర. పేజీలు వెళ్ళిపోతుంటాయి, టీవీ చూసేవాళ్ళు పడుకుని ఉంటారు. అక్కడ రాత్రి పదింటికి నిప్పు పెడితే మనకి పొద్దున్న ఎనిమిదిన్నర. టిఫిన్ చేస్తూ జనం టీవీ పెట్టే టైం. అంటే పగటి నిరసన మన నిద్రలో జరిగిపోయింది, రాత్రి మంటలు మన పొద్దుటి బులెటిన్‌లోకి నేరుగా వచ్చాయి. దీనికి ఎవరి కుట్రా అవసరం లేదు.

రెండోది ఫొటో. ఏజెన్సీ నుంచి ఒక పూటకి వందల ఫొటోలు వస్తాయి. బోర్డులు పట్టుకుని నిలబడిన జనం ఫొటో, తగలబడుతున్న బిల్డింగ్ ముందు చేతులు పైకెత్తిన మనిషి ఫొటో పక్కపక్కన పెడితే పేజీ ఇన్‌చార్జ్ ఏది తీస్తాడు? నేనూ రెండోదే తీశాను, మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టినా చోటు ఒక్క ఫొటోకే ఉంటే అదే తీస్తానేమో.

మూడోది వీటన్నిటికంటే పెద్దది. మొదటి వార్త ఎవరి నోటి నుంచి వస్తుంది? పోలీసుల నుంచి. ఫ్లాయిడ్ చనిపోయిన రాత్రి మిన్నియాపొలిస్ పోలీసులు విడుదల చేసిన ప్రకటన తీసి చదవండి. పోలీసులతో వ్యవహారం జరుగుతుండగా ఆరోగ్య సమస్య వచ్చి ఒక వ్యక్తి చనిపోయాడని ఉంది. మోకాలు లేదు, మెడ లేదు, తొమ్మిది నిమిషాలు లేవు. 17 ఏళ్ళ అమ్మాయి ఫోన్‌లో వీడియో తీయకపోతే అది అక్కడి పేపర్లోనే నాలుగు లైన్ల వార్త, మా డెస్క్ దాకా వచ్చేదే కాదు. మరుసటి ఏడాది, జర్నలిజంలో పెద్ద అవార్డులిచ్చే పులిట్జర్ కమిటీ ఆ అమ్మాయికి ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. వృత్తిలో ఉన్నవాళ్ళు చేయాల్సిన పని ఆ పిల్ల చేసింది.

అనంత

విజయక్కా, టైం తేడా సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. చాలా బాగా చెప్పారు.

గోదారి_శేఖర్

విజయ గారూ, మీరు చెప్పింది మన పేపర్ల సంగతి. నేను అడిగింది అమెరికా చానెళ్ళ గురించి. అక్కడ టైం తేడా లేదు కదా.

పాలమూరు_విజయ

అమెరికా సంగతే కావాలంటే ఇది కొత్త గొడవ కాదు. 1967లో న్యూఅర్క్, డెట్రాయిట్ తగలబడ్డాక ప్రెసిడెంట్ జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్ 1968లో రిపోర్ట్ ఇచ్చింది. అందులో మీడియా మీద ఒక అధ్యాయమే ఉంది. శేఖర్ గారు అన్నదీ రమణ గారు అన్నదీ అందులో కనిపిస్తాయి. డెట్రాయిట్ నష్టం 20 కోట్ల నుంచి 50 కోట్ల డాలర్లని పత్రికలు మొదట రాశాయి, తర్వాత తేలిన అత్యధిక అంచనా నాలుగున్నర కోట్లు. అంటే పదింతలు పెంచి రాసినవాళ్ళూ ఉన్నారు. అయితే కమిషన్ ఎక్కువగా తప్పుపట్టింది అంకెల్ని కాదు. అల్లర్లకు ముందు నల్లవాళ్ళు ఎలాంటి ఇళ్ళలో ఉన్నారు, పోలీసులు వాళ్ళతో ఎలా ప్రవర్తించారు, పని ఎందుకు దొరకలేదు అన్నది పత్రికలు జనానికి చెప్పనే లేదంది. తెల్లవాడి కళ్ళతోనే లోకాన్ని చూస్తున్నారని కూడా అంది. యాభై ఏళ్ళ తర్వాత ఏం మారిందో రమణ గారి ప్రశ్నలోనే ఉంది.

గోదారి_శేఖర్

1968 గురించి మాట్లాడితే నేను 1992 గురించి మాట్లాడతాను. లాస్ ఏంజెలిస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుడిని కొట్టిన పోలీసుల్ని జ్యూరీ వదిలేసింది. జనానికి కోపం వచ్చింది, సరే. తగలబడింది ఎవరి షాపులు? రెండు వేలకు పైగా కొరియన్లవి. వాళ్ళేమన్నా రాడ్నీ కింగ్‌ని కొట్టారా? కొరియా టౌన్‌కి పోలీసులు రాలేదు, వాళ్ళే పైకప్పులెక్కి కాపలా కాసుకున్నారు. టీవీలు ఏం చూపించాయి? తుపాకులు పట్టుకున్న కొరియన్లని. ఏళ్ళ తరబడి కష్టపడి కట్టుకున్న షాపు బూడిదైతే ఆ మనిషిని తుపాకీ పట్టుకున్న విలన్‌లా చూపించారు. మనలాంటివాళ్ళకి జరిగేది ఇదే. నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్య గొడవ, నలిగిపోయేది మధ్యలో చిన్న షాపు పెట్టుకున్నవాడు, వాడి కథ ఏ చానెల్‌కీ అక్కర్లేదు. రమణ గారూ, దీనికి కూడా శాతం చెబుతారా?

నల్లమల

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. శేఖర్ గారూ, మీ కథ 1992 ఏప్రిల్ 29న తీర్పు దగ్గర మొదలైంది. టీవీల కథా అక్కడే మొదలైంది. ఒక ఏడాది వెనక్కి వెళ్ళండి. 1991 మార్చి 16న సౌత్ సెంట్రల్ లాస్ ఏంజెలిస్‌లో లతాషా హార్లిన్స్ అనే 15 ఏళ్ళ నల్లజాతి అమ్మాయి కొరియన్ల షాపుకెళ్ళి ఆరెంజ్ జ్యూస్ బాటిల్ తీసుకుంది. ఒక డాలర్ 79 సెంట్లు. ఆ పిల్ల చేతిలో డబ్బులున్నాయి. దొంగతనం చేస్తోందని షాపు ఆవిడ గొడవపడి, ఆ పిల్ల వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంటే తల వెనక కాల్చి చంపింది. జ్యూరీ నేరం రుజువైందని చెప్పింది. జడ్జి జైలు శిక్ష వేయలేదు. ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 500 డాలర్ల ఫైన్.

ఇది తెలిసినవాడికి కొరియన్ల షాపులు ఎందుకు తగలబడ్డాయో కొంతైనా అర్థమవుతుంది. తెలియనివాడికి నల్లవాళ్ళు ఊరికే పిచ్చెక్కి తగలబెట్టినట్టు కనిపిస్తుంది. టీవీ చేసేది అదే. రెండో దెబ్బ నుంచి చూపిస్తుంది.

గోదారి_శేఖర్

అంటే మా బావ షాపు దోచుకోవడం సరైనదేనంటారు. ఒక కొరియన్ ఆవిడ చేసినదానికి రెండు వేల షాపులు తగలబడాలి, ఎవడో పోలీసు చేసినదానికి మా బావ రోడ్డున పడాలి. ఏం న్యాయం అండీ ఇది? నోరుంది కదా అని ఏదైనా రాస్తారా? మా అక్క ఆ రాత్రి పిల్లల్ని వెనక గదిలో దాచిపెట్టి కూర్చుంది, తెలుసా?

నల్లమల

సరైనదని నేనెక్కడ అన్నాను? అర్థమవుతుంది అన్నాను. పైకెళ్ళి చదవండి.

గోదారి_శేఖర్

అర్థమవుతుంది అనడమంటే సమర్థించడమే. పోలీసుల్ని తిడతారు, షాపు వాడు ఏడిస్తే వెనక చరిత్ర తీస్తారు. ఇలాంటివాళ్ళ వల్లే అక్కడ మనవాళ్ళకి విలువ లేకుండా పోయింది.

నిర్వాహకులు

వ్యక్తిగత మాటలు వద్దు. విషయం మీద రాయండి.

నల్లమల

విషయం మీదే రాస్తాను. ఇలాంటివాళ్ళు అన్నారు కాబట్టి నేను ఎలాంటివాడినో చెబుతాను.

నా చిన్నప్పుడు మా పేట మీద ఊళ్ళోవాళ్ళు కర్రలూ గొడ్డళ్ళూ పట్టుకుని వచ్చి పడ్డారు. మా నాన్న చెయ్యి విరిగింది. మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు తగలబెట్టారు. మావాళ్ళు ఎదురు తిరిగి ఒక రాయి విసిరినా అది మా గుడిసెల మధ్య నిలబడి విసిరిందే. రెండో రోజు పేపర్లో ఏం వచ్చిందంటే, రెండు వర్గాల మధ్య ఘర్షణ, పలువురికి గాయాలు. పేపర్ పేరు చెప్పను. మా మీదకి ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు, ముందు వారం చెరువు దగ్గర ఏం జరిగింది, ఒక్క ముక్క లేదు. ఎస్సై చెప్పింది చెప్పినట్టు రాశారు. తర్వాత మేము మండల ఆఫీస్ ముందు రోడ్డు మీద కూర్చుంటే మాత్రం ఫొటో వేశారు. ట్రాఫిక్‌కి అంతరాయం, ప్రయాణికుల ఇబ్బంది అని.

మిన్నియాపొలిస్ పోలీసుల ఆరోగ్య సమస్య ప్రకటన గురించి విజయ గారు రాసింది చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. నాకు అమెరికాలో ఎవరూ లేరు. ఆ వార్తలు చూస్తుంటే ఆ జనం నాకు మావాళ్ళలా కనిపించారు. మీకు మీ బావలా కనిపించేది షాపు వాడు. అసలు తేడా అక్కడుంది, ఏ చానెల్ ఏం వేసిందన్న దాంట్లో లేదు.

గోదారి_శేఖర్

అమెరికా గురించి మాట్లాడుతుంటే ఇక్కడికి కులం ఎందుకు తెచ్చారు? ప్రతిదాంట్లో ఇదే.

అనంత

శేఖర్ అన్నయ్యా, ఆయన తన ఇంటి సంగతి చెప్పాడు, మీరు మీ ఇంటి సంగతి చెప్పారు. మీది చెప్పొచ్చు, ఆయనది చెప్పకూడదా?

లక్ష్మి_కాన్సస్

నేను కాన్సస్‌లోని ఓలేథా దగ్గర్లోనే ఉంటాను. 2017 ఫిబ్రవరి 22న కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఇక్కడి బార్‌లో కాల్చి చంపారు. చంపినవాడు తన దేశం నుంచి పొమ్మని అరిచాడు, శ్రీనివాస్‌నీ పక్కనున్న స్నేహితుడినీ ఇరానీయులనుకున్నాడు. అప్పుడు మనందరం ఏం అడిగాం? దీన్ని మామూలు కాల్పుల కేసులా చూపించొద్దు, దేశంలో పెరుగుతున్న ద్వేషంతో కలిపి చెప్పండి అన్నాం. అధ్యక్షుడి మాటలతో దీనికి ముడిపెట్టడం అసంబద్ధమని వైట్‌హౌస్ ప్రతినిధి అంటే మనకి ఒళ్ళు మండింది. అంటే వెనక ఏం జరిగిందో చెప్పాలని మనమూ అడిగాం. నల్లవాళ్ళు అడిగేదీ అదే కదా శేఖర్ గారూ.

2023 జనవరి 23న సియాటిల్‌లో ఆదోని అమ్మాయి కందుల జాహ్నవిని పోలీసు కారు గుద్దేసింది. 25 మైళ్ళు దాటకూడని రోడ్డు మీద 74 మైళ్ళ వేగంతో వచ్చింది. ఎనిమిది నెలలు పెద్దగా ఎవరికీ పట్టలేదు. ఇంకో పోలీసు ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు నవ్వుతూ మాట్లాడిన రికార్డింగ్ సెప్టెంబర్‌లో బయటికొచ్చాకే అది ప్రపంచ వార్త అయింది. సియాటిల్‌లో ఆమె కోసం రోడ్డెక్కినవాళ్ళు అన్ని రంగులవాళ్ళూ. మన చానెళ్ళలో నేను చూసింది మాత్రం తెలుగు అమ్మాయికి అవమానం అన్న కోణమే. కారు ఆ వేగంతో ఎందుకు వచ్చింది, ఆ ఊళ్ళో పోలీసుల మీద ముందు నుంచి ఉన్న ఫిర్యాదులేంటి అని అడిగినవాళ్ళు నాకు కనిపించలేదు.

కిరణ్_లెస్టర్

రమణ గారిని ఒకటి అడగాలి. 2024 జూలై 29న ఇక్కడ బ్రిటన్‌లోని సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నపిల్లల్ని కత్తితో పొడిచి చంపారు. చంపింది ముస్లిం శరణార్థి అని ఆన్‌లైన్‌లో పుకారు లేచింది. నిజానికి వాడు కార్డిఫ్‌లో పుట్టినవాడు. వారం రోజులు ఊరూరా గొడవలు. రాథరమ్‌లో శరణార్థులున్న హోటల్‌కి నిప్పు పెట్టబోయారు, లోపల మనుషులుండగా. భారత హైకమిషన్ మనల్ని జాగ్రత్తగా ఉండమని చెప్పింది, మా ఆవిడ నాలుగు రోజులు బస్సెక్కలేదు. మొదట్లో కొన్ని వార్తల్లో వీళ్ళని కూడా నిరసనకారులనే రాశారు, నాకు రక్తం ఉడికిపోయింది. ఇప్పుడు చెప్పండి. ఆ వారం ఎవరైనా లెక్కేసి అక్కడికొచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఏమీ తగలబెట్టలేదు, చాలావరకు శాంతియుతం అంటే మీరు ఒప్పుకుంటారా?

రమణ_బ్లూమింగ్టన్

రెండూ ఎలా ఒకటి? ఇక్కడ పోలీసు మనిషిని చంపాడు, వీడియో ఉంది. అక్కడ పుకారు నమ్మి అమాయకుల మీద పడ్డారు.

కిరణ్_లెస్టర్

అయితే మీ కొలత శాతం కాదు కదా, కారణం. అదే ముందు చెప్పి ఉంటే శేఖర్ గారితో ఇంత గొడవ ఉండేది కాదు.

రమణ_బ్లూమింగ్టన్

కారణమే. మొదటి నుంచీ నా మాట అదే. శాతం ఎందుకు చెప్పానంటే కారణం కోసం వచ్చినవాళ్ళు ఎంతమంది, తగలబెట్టడానికి వచ్చినవాళ్ళు ఎంతమంది అన్నది దాంతో తెలుస్తుందని. సౌత్‌పోర్ట్ వార్త రాసినా పుకారు ఎక్కడ పుట్టింది, ఎవరు పెంచారు అన్నది ముందు రాయాలి, హోటల్ ముందు మంట తర్వాత. ఇక్కడ ఎవరి మెడ మీద ఎవరి మోకాలు ఉంది అన్నది ముందు రాయాలి. మంటలు చూపించొద్దని నేననలేదు.

గోదారి_శేఖర్

ఇప్పుడు దారికొచ్చారు. కారణం మీకు నచ్చితే శాతాలు చెబుతారు, నచ్చకపోతే చెప్పరు. చానెళ్ళూ అదే చేస్తాయి. నా కోపం దాని మీదే.

రమణ గారూ, మీ ఊళ్ళోనే గాంధీ మహల్ అనే రెస్టారెంట్ తగలబడింది కదా, ఆ పోలీస్ స్టేషన్ దగ్గర్లోనే. ఓనర్ బంగ్లాదేశ్ నుంచి వచ్చినాయన. నా బిల్డింగ్ కాలితే కాలనీ, న్యాయం జరగాలి అన్నాడు. ఆ మాట వాళ్ళమ్మాయి ఫేస్‌బుక్‌లో రాస్తే ప్రపంచమంతా తిరిగింది, పేపర్లూ టీవీలూ వరసకట్టాయి. ఆయన నిజంగా గొప్పవాడు, ఆయన్నేమీ అనను. కానీ మా బావ అలా అనలేదు. మా బావ ఏడ్చాడు, బూతులు తిట్టాడు. అందుకే ఆయన దగ్గరికి ఎవరూ రాలేదు. ఒక వైపు వాళ్ళకి క్షమించే షాపు వాడు కావాలి, ఇంకో వైపు వాళ్ళకి తుపాకీ పట్టుకున్న షాపు వాడు కావాలి. పోలీసులకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ రాక తెల్లారేదాకా పార్కింగ్‌లో కార్లో కూర్చున్నవాడు ఎవరికీ అక్కర్లేదు.

పాలమూరు_విజయ

శేఖర్ గారూ, ఈ థ్రెడ్‌లో మీరు రాసినవాటిలో నేను పూర్తిగా ఒప్పుకునేది ఇది. డెస్క్‌లో ఇది రోజూ చూశాను. హెడ్డింగ్‌కి సరిపోయే మనిషి దొరికితే పేజీలోకి వెళ్తాడు, సరిపోనివాడు వెళ్ళడు.

అయితే అందరూ అలా చేయలేదు. మిన్నియాపొలిస్ లోకల్ పేపర్ స్టార్ ట్రిబ్యూన్ ఫ్లాయిడ్ హత్యనీ, తర్వాత జరిగినదాన్నీ రాసిన తీరుకి 2021లో పులిట్జర్ అందుకుంది. మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో దెబ్బతిన్న చోట్లని, దాదాపు 1,500, ఒక్కొక్కటిగా జాబితా వేసింది కూడా ఆ పేపరే. హత్య గురించి రాశారు కాబట్టి షాపుల్ని వదిలేయలేదు, షాపుల గురించి రాశారు కాబట్టి హత్యని వదిలేయలేదు. ఆ ఊళ్ళోనే ఉండేవాళ్ళు కాబట్టి కుదిరింది. బయటి నుంచి రెండు రోజులకి దిగిన కెమెరాకి, ఇంకా దూరంగా హైదరాబాద్‌లో కూర్చున్న మాకు అది కుదరలేదు. ఇప్పుడు అక్కడా ఇక్కడా లోకల్ రిపోర్టర్లనే ముందు తీసేస్తున్నారు. నన్నడిగితే దీని గురించి మనం ఎక్కువ మాట్లాడుకోవాలి.

చిన్నా_డాలస్

అక్కా, అది నిజం. మా దగ్గరా చిన్న పేపర్ మూసేశారు.

నల్లమల

శేఖర్ గారూ, కోపం పక్కన పెట్టి అడుగుతున్నాను. మీ బావగారికి పోలీసులు రాలేదని బాధ. ఆ వీధిలో ఉండేవాళ్ళకి పోలీసులు వచ్చి ఏం చేస్తారోనని భయం. ఆయన ఆ వీధిలోనే షాపు నడిపినవాడు కదా. ఆ రోజు ఒక విలేకరి నిజంగా వచ్చి మైక్ పెట్టి ఉంటే ఆయన ఏం చెప్పేవాడు?

గోదారి_శేఖర్

మీ మాటలు నాకింకా కోపంగానే ఉన్నాయి. అయినా అడిగారు కాబట్టి బావకి ఫోన్ చేసి కనుక్కున్నాను.

షట్టర్ విరిచినవాళ్ళలో తన రోజువారీ కస్టమర్ ఒక్కడు కూడా లేడని చెప్పేవాడట. సీసీ కెమెరా ఫుటేజ్ మొత్తం చూశాడు. కార్లలో వచ్చారు, ఒక్క మొహం తెలిసినది కాదు. ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉండే నల్లజాతి కుర్రాళ్ళు ఇద్దరు మర్నాడు ప్లైవుడ్ కొట్టడానికి సాయం చేశారని చెప్పేవాడట. పోలీసు ఫోన్ ఎత్తలేదని, తను కట్టిన టాక్స్‌కి అర్థం లేదని కూడా చెప్పేవాడట. ఫ్లాయిడ్‌ని చంపినవాడికి శిక్ష పడాల్సిందేనని, తన షాపు మీద పడినవాళ్ళకీ పడాల్సిందేనని, అప్పటికి ఎవరికీ పడలేదు గనక రెండూ కలిపే చెప్పేవాడినన్నాడు. ఇంత చెబితే వాళ్ళు ఇరవై సెకన్లు వేస్తారు కదా బావా, ఏది వేసేవాళ్ళు అన్నాను. అది ఏ చానెల్ వాడు వచ్చాడన్న దాన్ని బట్టి ఉంటుంది అన్నాడు.